కత్తెర గాటు

శనివారం పొద్దున్నే,
ఒహాయో నది మీద మంచు ఇంకా లేవకముందే,
మా ఊళ్ళో పోయినవాళ్ళ వంటిళ్ళు బయటికొస్తాయి.
గరాజ్ తలుపు పైకెత్తి
మడత బల్లల మీద పరుస్తారు:
పాలపచ్చ కాఫీ కప్పులు,
లేతగులాబీ పంచదార గిన్నె, ఇంకెవరి గిన్నెదో మూతతో,
నెమలికంఠం రంగు కొలతపాత్ర,
తేనెరంగు సాసరు మీద పసుపు చీటీ, రెండు డాలర్లు.

అందరి జేబుల్లోనూ ఊదారంగు టార్చి.
బల్ల కింద చీకట్లో వెలిగిస్తే
యురేనియం కలిసిన పళ్ళెం మిణుగురులా లేస్తుంది.
లేచిందంటే ధర మూడింతలు.

నాకు టార్చి అక్కర్లేదు,
బొటనవేలి గోరు చాలు.

పళ్ళాన్ని ఆకాశానికెత్తి చూస్తాను.
నడిమధ్యన వెంట్రుకంత గీత.
గోరు నడిపిస్తాను.
గోరు పట్టుకుంటే పగులు.
పట్టుకోకుండా జారిపోతే
అదే, నాక్కావలసింది అదే.

"పగిలిందేమో చూసుకో, మళ్ళీ తిరిగి తేకు"
అంటుంది వెల్డా,
అంటూనే అర డాలరు తగ్గిస్తుంది.
నేను వాదించను.

మా నాన్న ఎమిల్ హ్రుస్కా
నది అవతలి ఫ్యాక్టరీలో
పంతొమ్మిదేళ్ళు కత్తెర పట్టాడు.
ఇనప కడ్డీ చివర పాకంలా సాగే ముద్దని
అచ్చు మీదికి ఒకడు వంచి పట్టుకుంటే
నాన్న తెంపాలి.
ఎక్కువ పడితే పళ్ళెం మొద్దు,
తక్కువైతే అంచు రాదు.
ఇనుము తాకినచోట
ఎర్రటి గాజు ఒక్క క్షణం జంకుతుంది.
అచ్చు నొక్కేసినా, చల్లారినా,
అమ్ముడుపోయి ఎవరి గుడ్డుపొరటో మోసినా
ఆ జంకు పోదు.

మేము తిన్నది రేకు పళ్ళాల్లో.
నాన్న చేసినవి వోట్స్ డబ్బాల్లో ఊరికే వచ్చేవి.
"ఊరికే ఇచ్చేదానికి జీతమెంతిస్తారు మరి"
అని అమ్మ, ప్రతి శుక్రవారం, కవరు విప్పుతూ.

నాన్న కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ
ఎప్పుడూ సగం తెరిచే ఉండేవి.
నిద్రలో కూడా,
ఏదో జారబోతున్నట్టు.
ఇంట్లో రొట్టె అమ్మే కోసేది.

డెస్మండ్ ప్రౌటీ సెట్లు కూడబెడతాడు,
ఆరుకి ఆరు, అంచు చెక్కుచెదరనివి, గీత లేనివి.
నన్ను చూసి నవ్వుతాడు: "నువ్వు తప్పుల్ని ఏరుకుంటావు."
మా చెల్లెలు లూడీ నవ్వదు, లెక్కేస్తుంది:
"ఆ షెడ్డులో కత్తెరలు పదకొండు.
ఇది ఆయనదేనని ఎవరు చెప్పారు?"
ఎవరూ చెప్పలేదు.
నలభై ఏడు పళ్ళాలున్నాయి నా అల్మరాలో,
ఏ రెండూ జత కావు.
పదకొండింట ఒకటి అనుకున్నా
నాలుగైనా ఆయనవి కావా?
ఏ నాలుగో తెలీదు గనుక
వంతులవారీగా అన్నిట్లోనూ తింటాను.

ఇవాళ మాత్రం పొరపాటు జరిగింది.
వెల్డా దగ్గర మసక వెలుతురులో గీత ఉందనుకుని
ఒక చిలకపచ్చ పళ్ళెం తెచ్చాను.
సబ్బునీళ్ళలో కడిగి కిటికీకి పట్టి చూస్తే
అది ఎవరో వదిలేసిన నూలుపోగు.
ఊడి తొట్టిలోకి పోయింది.
తిప్పి చూశాను, అడ్డంగా చూశాను,
గోరు నడిపించాను, రెండు చేతులతోనూ.
ఏమీ లేదు.
నీళ్ళంత నున్నన.

తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాను.

కత్తెర వేడిగా, చెయ్యి కుదురుగా,
ముద్ద సరిగ్గా జారిన రోజులు
ఆయనకీ ఉండే ఉంటాయి కదా.
నెలకొకటి, పోనీ, ఏడాదికొకటి.
కొత్తగా కత్తెర నూరిన పొద్దున ఒకటి.
నేను పుట్టిన మర్నాడు ఒకటి.

ముప్పై ఏళ్ళుగా
గీత లేదని పక్కన పెట్టేసినవన్నీ
ఎక్కడున్నాయో ఇప్పుడు.
డెస్మండ్ అద్దాల బీరువాలో కొన్ని.

వెల్డా బల్ల మీద ఇంకా ఐదుండాలి, ఇదే పచ్చవి.
రెండింటికి తలుపు దించేస్తుంది.
ఒంటిగంటన్నర అయింది.
తడిచేతుల్తోనే
కారు తాళం వెతుకుతున్నాను.